నకలని చెప్పి అమ్మిన మనిషి

మొన్న కరీంనగర్ నుంచి లక్సెట్టిపేటకు వస్తుంటే మా బస్సు ఒక బరాత్ వెనక ఇరుక్కుపోయింది. ముందు డీజే బండి, దాని వెనక చిందులేసే పిల్లలు, ఆ వెనక పూలదండలు కట్టిన ఎర్రటి స్పోర్ట్స్ కారు. పెళ్ళికొడుకు అందులో నడుముదాకా మునిగి కూర్చున్నాడు. బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టి ఫోటోలు తీస్తున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దామె "ఎన్ని కోట్లుంటదో బిడ్డా" అంది. "కోట్లు లేవు, ఏం లేవు. పైన ఫైబర్ డొప్ప, లోపల పాత చిన్న కారు ఇంజను" అన్నాను. ఓర్వలేనిదాన్ని చూసినట్టు చూసి ఆమె మొహం తిప్పుకుంది.

నాకు ఆ కారు ఒళ్ళంతా తెలుసు. అది తయారైన రెండేళ్ళూ దాని రంపపు పొడి నా దుకాణంలో పడేది. నాకు కోపం తెప్పించింది వేరే విషయం. కారు ముందు మూతి మీద ఎవరో పెద్ద కంపెనీ బొమ్మ, బంగారు రంగుది, అంటించారు. చేసిన మనిషి ఆ చోటు కావాలనే ఖాళీగా వదిలేశాడు. బతికున్నన్నాళ్ళూ అక్కడ ఎవరినీ ఏదీ అంటించనివ్వలేదు. బస్సు దిగి పోయి గోటితో పీకేద్దామన్నంత మంట పుట్టింది నాకు. ఇంతలో దారి దొరికి బస్సు కదిలింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎవరి పెళ్ళి పాడుచేసేదాన్నో.

ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన్ని నేను కాకా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, మా రెండు దుకాణాల మధ్య ఒక గోడ ఉంది, అంతే. గోడకు ఇవతల నాది: జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫోటోలు. అవతల ఆయనది: పెద్ద పెద్ద కంపెనీల పేర్లున్న సంచులు, బెల్టులు, గడియారాలు, బూట్లు, అత్తరు సీసాలు. ఒక్కటీ అసలుది కాదు.

"నువ్వు కాయితాలకు నకలు తీస్తవు, నేను సామాన్ల నకలు అమ్ముత. మనిద్దరిది ఒక్కటే ధంధా బిడ్డా" అనేవాడు.

"నాది సర్కారోళ్ళు ఒప్పుకునే నకలు కాకా. నీ దుకాణంలకు పోలీసోళ్ళొస్తే నువ్వు వెనక తలుపు నుంచి ఉరకాలె" అనేదాన్ని. నవ్వేవాడు. కాదని ఒక్కనాడూ అనలేదు. ఆ వ్యాపారం చట్టం ప్రకారం తప్పే, ఇప్పుడు పోయాడు కదా అని నేను దాన్ని ఒప్పు చేయను.

కానీ ఆయన అమ్మే తీరు వేరు. దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ నకలు సామాన్లు అమ్మబడును" అని రాయించాడు. పెయింటరు ఆ మాట రాయడానికి భయపడితే దగ్గర నిలబడి రాయించాడు. ఒకసారి ఆసిఫాబాద్ నుంచి ఒక కుర్రాడు కొత్త ఉద్యోగం సంబరంలో బెల్టు కొనడానికి వచ్చాడు.

"కాకా, గిది ఒరిజినలే గదా?"

"కాదు."

"జర ఒరిజినల్ అని చెప్పరాదే. నాకు మనసుకు మంచిగనిపిస్తది."

"నువ్వు బయటికి పొయ్యినంక ఎవ్వలకన్న ఏమన్న చెప్పుకో, గది నీ ఇష్టం. నేను మాత్రం నీకు చెప్పను."

ఆ కుర్రాడు కాసేపు అలిగి, చివరికి రెండు బెల్టులు కొనుక్కుని పోయాడు.

కాకది మగ్గం పని చేసే ఇల్లు. చిన్నప్పుడు వాళ్ళ బాపు నడిపే పవర్లూమ్ దగ్గర కూర్చుని తెగిన పోగులు తనే ముడేసేవాడట. తర్వాత గల్ఫ్ పోయి పదకొండేళ్ళు ఒక పెద్ద షెడ్డులో కార్లు కడిగి వచ్చాడు. అంతకుమించి ఆయన కథ నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ చేతివేళ్ళూ, ఆ కళ్ళూ. వాటి గురించే రాయాలని కూర్చున్నాను.

ఆ కళ్ళు ఎలాంటివంటే, అరవై దగ్గర పడుతున్నా సూదిలో దారం ఒక్క విసురుకు ఎక్కించేవాడు. సాలోళ్ళ వాడ నుంచి ముసలవ్వలు రవికలు, బొంతలు కుట్టుకునే సూదులు పట్టుకుని ఆయన గడప ముందు నిలబడేవాళ్ళు. "ఇటియ్యే అవ్వా" అని తీసుకుని, వాళ్ళతో మాట్లాడుతూనే, సూది దిక్కు సరిగా చూడకుండానే ఎక్కించి ఇచ్చేవాడు. నేను నలభై రెండేళ్ళకే కళ్ళజోడు పెట్టినదాన్ని. నాకు కుళ్ళుగా ఉండేది.

ఆదివారం వస్తే ఆయన దుకాణం దుకాణంలా ఉండేది కాదు, దవాఖానాలా ఉండేది. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా. కొడుకులూ అల్లుళ్ళూ పంపిన సంచులు, సెంట్లు, గడియారాలు, నల్లకళ్ళద్దాలు పట్టుకుని జనం వరసగా కూర్చునేవాళ్ళు. అసలువా, నకలా, కాక చెప్పాలి. దానికి ఆయన పైసా తీసుకునేవాడు కాదు. ఒక నియమం మాత్రం ఉండేది: ఇచ్చినవాడు పక్కనే ఉంటే చూసేవాడు కాదు. "వాడు ప్రేమతోని తెచ్చిండు, వాని ముంగట నేను చూసుడేంది" అని పంపించేసేవాడు.

సంచి చేతికిస్తే ముందు తిరగేసేవాడు. పైన మెరిసే పేరు దిక్కు చూసేవాడే కాదు. లోపలి గుడ్డ బయటికి లాగి, అడుగున మూలల్లో గోటితో కుట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ పోయేవాడు. "పేరు ఎవ్వడన్న రాస్తడు బిడ్డా. ఎవ్వలు చూడని కాడ ఎట్ల కుట్టిండో గది చూడాలె" అనేవాడు. గడియారమైతే చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత వెలుగులోకి తిప్పి, చీమకాళ్ళంత అక్షరాలను భూతద్దం లేకుండా చదివేసేవాడు. చెప్పిన మాట తప్పిపోవడం నేను చూడలేదు. ఒకామె అల్లుడిచ్చిన సంచి నకలని తేలి ఏడుపు మొదలుపెడితే, కాక ఆ సంచిని కళ్ళకద్దుకున్నాడు. "అసలుదానికన్న మంచిగ కుట్టిండమ్మా. పాపం, ఎవ్వడో ఏమో, వాని పేరు సుత దీని మీద లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు, నీ మనవరాలు సుత వాడుకుంటది" అన్నాడు. ఆమె ఏడుపాపి సంచిని తనూ ఒకసారి కళ్ళకద్దుకుని పోయింది.

ఇక కారు సంగతి. గల్ఫ్‌లో తను కడిగిన ఒక కారుకు నకలు, దుకాణం వెనక రేకుల షెడ్డు కింద మొదలుపెట్టాడు. నేను ఉత్సాహం ఆపుకోలేక నెట్‌లో వెతికి ఆ కారు ఫోటోలు ముప్ఫై దాకా రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాను. చాలా సంతోషపడి తీసుకున్నాడు. మర్నాడు చూస్తే వాటిని తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు లెక్కలు రాసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఫోటో చూడకుంట ఎట్ల చేస్తవ్ కాకా? కలగంటవా?"

ఆయన ఒక బట్ట తడిపి పిండాడు. ఖాళీ షెడ్డు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. గాలిలో కారును తుడవడం మొదలుపెట్టాడు. ముందు మూతి, దాని మీద ఒంపు, అద్దం అంచు, తలుపు, తలుపు కింద చిన్న నొక్కు, వెనక రెక్క. చెయ్యి ఎక్కడ పైకి లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. రెండోసారి తుడిస్తే మళ్ళీ అదే దారి, వెంట్రుకవాసి తేడా లేదు. మూడోసారి చెయ్యి వెంట ఇనుప తీగ వంచుకుంటూ వచ్చాడు. మొదట్లో నేను నవ్వాను. తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది. అక్కడ నిజంగా కారు ఉంది, నాకే కనబడటం లేదు.

రెండేళ్ళకు పూర్తయింది. రంగు వేసిన రోజు రోడ్డు మీద పోయే ఆర్టీసీ డ్రైవరు కూడా బస్సు ఆపి దిగి వచ్చాడు. నేను తలుపు తీసి లోపలికి చూసి బిత్తరపోయాను. పాత జీపు సీటు, దాని మీద రెగ్జిన్, ఒక స్టీరింగు, చెక్క పలక. అంతే.

"గిదేంది కాకా! బయట రాజమహలు, లోపల గుడిసె?"

"లోపల నేను చూడలే బిడ్డా. లోపల తుడిచేటోడు వేరే ఉంటుండె. మేము బయటోళ్ళం. పదకొండేండ్లల ఒక్కసారి సుత తలుపు తియ్యలే."

"నేనిచ్చిన ఫోటోలల్ల లోపలియి సుత ఉన్నయ్ గదా!"

"చెయ్యి తాకనిదాన్ని చేస్తే గది నకలు గాదు బిడ్డా. ఉత్త అబద్ధం."

ఆ కారును పెళ్ళిళ్ళకు కిరాయికి ఇచ్చేవాడు. మొదటి బరాత్ ఉట్నూర్ దగ్గర. నేనూ వెళ్ళాను, చూడాలని. ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు మీద దాని పొట్ట ఆనుకుని ముందుకూ పోదు, వెనక్కూ రాదు. పెళ్ళికొడుకు సూటు వేసుకుని దిగి రోడ్డు మీద నిలబడ్డాడు. చివరికి జనంతో కిక్కిరిసి పోతున్న ఒక జీపును ఆపి, తాడు కట్టి లాగించారు. కాక పక్కనే నడుస్తూ, బానెట్ మీద చెయ్యి వేసి, ఎద్దును దువ్వుకుంటూ తీసుకుపోయినట్టు తీసుకుపోయాడు. పందిట్లో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "నకలుది" అని చెప్పేస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్ళికూతురి తాత మాత్రం "నకలుదే నయం, అసలుదైతే మా గుట్టలల్లకు వస్తదా" అని కాకకు తన పక్కనే పీట వేయించి అన్నం పెట్టించాడు.

ఇంతవరకు చెప్పిందంతా ఎవరికైనా చెప్పగలను. ఇప్పుడు చెప్పేది మాత్రం ఆయన బతికుండగా ఎవరికీ చెప్పలేదు. ఇందులో వచ్చే ఆమె పేరు రాయను, ఊరు రాయను. కాక పేరు రాయకపోవడం కూడా అందుకే. వివరాలు నాలుగైదు కావాలనే మార్చాను, వెతక్కండి.

ఆమె భర్త గల్ఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో కారు డ్రైవరు. ఒకరోజు స్టీరింగు ముందే గుండె ఆగిపోయింది. పెట్టె వచ్చింది, మట్టి చేశారు. నెల తర్వాత అతనితో గదిలో ఉన్నవాడు ఒక సంచి తెచ్చి ఇచ్చాడు. రెండు చొక్కాలు, ఒక ఫ్లాస్కు, ఒక చేతిగడియారం. ఆ గడియారం సేటు బక్షీసుగా ఇచ్చాడని అతను ఎప్పుడో ఫోన్‌లో అన్నాడట. అంతే, అతని అన్నా తమ్ముడూ దాని మీద కూర్చున్నారు. అప్పటికే ఇల్లు వాళ్ళ చేతిలో ఉంది, పొలం వాళ్ళ పేరు మీదే ఉంది. ఆమెకు మిగిలింది ఇంటర్ చదివే కూతురొక్కతే.

కులపెద్ద ఒకాయన మధ్యలో కూర్చుని తీర్పు చెప్పాడు: గడియారం కాకకు చూపించాలి. అసలుదైతే ఇంటి సొమ్ము, అన్నదమ్ములది. నకలైతే గుర్తుగా భార్యకు ఇచ్చేయాలి. కాక మాటే ఆఖరు. అందరూ సరే అన్నారు. కాక మాట తప్పదని అందరికీ తెలుసు కదా. ఆదివారం పొద్దున అందరూ కలిసి వచ్చారు. తీర్పు కాగితం రాసి మూడు నకళ్ళు తీయడానికి నన్ను పిలిచారు.

ఆమె మూలన నిలబడి ఉంది. ఎవరూ అడగకుండానే అంది:

"నకలే అయితది గదా కాకా? ఆయిన గంత ఖరీదుది పెట్టుకునే మనిషి గాదు. నకలే కావాలె."

"నువ్వు మధ్యల మాట్లాడకు" అన్నాడు ఆమె బావ, అంటే భర్త అన్న.

భర్త వస్తువు నకలు కావాలని మొక్కుకునే భార్యను నేను అంతకుముందు చూడలేదు. అది ఎంతకు అమ్ముడుపోతుందో ఆమెకు పట్టలేదు. అతని చేతికి ఉన్నది తన చేతికి రావాలి, అంతే.

కాక గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. గడపలోకి వెళ్ళి వెలుగులో తిప్పాడు. మామూలుగా రెండు నిమిషాలు పట్టే పని, ఆ రోజు చాలాసేపు పట్టింది. తోలు పట్టీ మీద ఒక చోట వేలు ఆపాడు.

"గీ బెజ్జం ఎవ్వలు పొడిసిండ్రు?"

"నేనే కాకా. కిందటిసారి వచ్చినప్పుడు వదులైతుందంటే దబ్బనంతోని పొడిసిన. జర వంకరొచ్చింది."

కాక ఆ బెజ్జం మీద నుంచి వేలు తీయలేదు. తర్వాత గడియారాన్ని బల్ల మీద పెట్టి అన్నాడు: "నకలుది. పని మంచిగ చేసిండు గని, నకలుది."

బావ "థూ, సేటు సుత మోసగాడే" అని లేచాడు. నేను కాగితం రాశాను. అందరూ సంతకాలు పెట్టారు, చాయ్ తాగారు. ఆమె గడియారాన్ని కొంగులో ముడేసుకుని, ఏడుస్తూ నవ్వుతూ, కాక కాళ్ళకు మొక్కబోతే ఆయన రెండడుగులు వెనక్కి జరిగాడు.

రెండేళ్ళు గడిచాయి. కూతురు కరీంనగర్‌లో నర్సింగ్ చదువుకు చేరింది. ఒకరోజు గడియారం ఆగిపోతే బాగుచేయించడానికి పెద్ద దుకాణానికి తీసుకుపోయింది. ఆ దుకాణపాయన లేచి నిలబడ్డాడట. "గిది నీకెక్కడిదమ్మా? అసలుది, జాగ్రత్తగ పెట్టుకో" అన్నాడట. ఆ పిల్ల సంబరంగా ఇంట్లో చెప్పింది. ఇంట్లో చెప్పింది ఊరంతా పాకింది. మూడోరోజుకు అన్నదమ్ములిద్దరూ కులపెద్దను వెంటబెట్టుకుని కాక దుకాణం ముందు దిగారు. నేను నా మిషన్ వదిలేసి గోడ పక్కకు వచ్చి నిలబడ్డాను.

కులపెద్ద కేకలు వేయలేదు. నెమ్మదిగా అడిగాడు.

"తెల్సి చెప్పినవా, తెల్వక చెప్పినవా? గదొక్కటే చెప్పు. తెల్వక చేసిన తప్పైతే రాసుకున్న కాయితం తిరగది, గడియారం ఆమెదే. తెల్సి చెప్తే మాత్రం తీర్పు చెల్లది. మల్ల కూసుంటం, గడియారం ఇంటోళ్ళకు పోతది."

కాక తల వంచుకున్నాడు. నలుగురిలో ఆయన తల వంచడం నేను అప్పుడే చూశాను.

"కనవడలే అన్నా. గప్పటికే కండ్లు మసకొస్తుండె, చేతి అలవాటుతోని నెట్టుకొస్తుంటి. చెప్పుకునేతందుకు షరమైంది. తప్పైంది."

"గుడ్డోడివై ఇన్నేండ్లు మమ్ముల్ని ఎర్రోళ్ళను చేసినవారా?" అని తమ్ముడు మీదికి వచ్చాడు. పెద్దాయన ఆపాడు. "తెల్వక చేసిన తప్పు. నడువుండ్రి" అన్నాడు. పోతూ పోతూ బావ బోర్డు మీద ఉమ్మేశాడు.

ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు పోట్లాడటానికి వచ్చారు. నా సంచి నకలన్నావు, అది అసలుదేమో. నా గడియారం అసలుదన్నావు, అది నకలేమో. కాక అందరికీ "నా కండ్లే మంచిగ లెవ్వు" అనేవాడు. వారం తిరక్కుండానే మందపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు పెట్టాడు. గడప దిగేటప్పుడు కాలితో మెట్టు తడుముకునేవాడు. చాయ్ గ్లాసు అందుకోబోయి ఒంటి మీద పోసుకున్నాడు ఒకసారి. ముసలవ్వలు సూది పట్టుకుని వస్తే "కనవడ్తలే అవ్వా, పక్కకు పో" అని నా దగ్గరికి పంపేవాడు. నేను కళ్ళజోడు సర్దుకుని, దారం కొస ఉమ్మితో తడిపి, ఐదారుసార్లు గుచ్చితే గానీ ఎక్కేది కాదు. వాళ్ళు నిట్టూర్చి, అయ్యో కాక ఎంత సుతారంగా ఎక్కించేటోడో అనేవాళ్ళు, ఆయనకు వినపడేలాగే.

నా నోరు మంచిది కాదు. నేనూ అన్నాను. "కండ్లు కనవడనప్పుడు చెప్పద్దా కాకా? నాతోని సుత తప్పుడు కాయితం రాయిస్తివి. నీతోని నా మాట సుత పోయె." ఆయన "అవు బిడ్డా, నాదే తప్పు" అన్నాడు. నాలుగేళ్ళు ఆ మాట నేను ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం నా కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. ఒక రైతు ఆధార్ నంబరు చదవాలి, మిషన్ ముందు వరసలో పదిమంది. కాక చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి ఉన్నాడు, ఆయన జోడు బల్ల మీద ఉంది. ఎంతోకొంత పనికొస్తుందని లాక్కొచ్చి పెట్టుకున్నాను. ఏమీ మారలేదు. తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. అలికినట్టు ఉన్న అంకెలు అలాగే అలికినట్టు ఉన్నాయి. అద్దం మీద గోరు పెట్టి చూశాను. కిటికీకి వేసే సాదా అద్దానికీ దానికీ తేడా లేదు.

వరసను వదిలేసి వెనక్కి పరుగెత్తాను. కాక కుళాయి దగ్గర ఉన్నాడు. నా చేతిలో జోడు చూసి ఆగిపోయాడు.

"గిది సాదా అద్దం కాకా."

"నకలుదే బిడ్డా. మన దుకాణంల అసలుయి యాడుంటయ్?" అని నవ్వాడు.

"అంటే గడియారం..."

"నెమ్మదిగ మాట్లాడు. చెవి దగ్గర పెట్టంగనే తెల్సింది. గసొంటిది నా చేతికి మల్ల రాలే."

"నాలుగేండ్ల సంది గుడ్డోని లెక్క నటిస్తున్నవా? నా ముంగట సుత?"

"నీ ముంగటనే ఎక్కువ. నీ నోట్ల నువ్వుగింజ నానదు గదా. నువ్వు నమ్మితే ఊరంత నమ్మినట్టే."

నేను ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, సిగ్గుతో ఏడ్చానో తెలియదు. ఇన్నేళ్ళు తిట్టాను కదా అన్నాను. నీ పేరు మట్టిలో కలిసింది కదా కాకా అన్నాను.

"పేరు పోతే ఏమాయె? నాదేమన్న కంపెనీ పేరా? గా బెజ్జం చూసినవా బిడ్డా? దబ్బనంతోని వంకరగ పొడిసింది. గడియారం చేసినోడెవ్వడో నాకు తెల్వది. గా బెజ్జం పొడిసినామె నా ముంగటనే నిలవడ్డది. ఎవ్వలదని చెప్పాలె మరి?" చేతులు తువ్వాలుకు తుడుచుకుని జోడు నా చేతిలోంచి తీసుకున్నాడు. "నేను కండ్లున్నోన్నని తెల్సిన్నాడు గా పిల్ల చేతికెల్లి గుంజుకుంటరు. ఎవ్వలకు చెప్పకు."

జోడు పెట్టుకున్నాడు. కాలితో మెట్టు తడుముకుంటూ దుకాణంలోకి వెళ్ళాడు. నేను ఆ వీపును చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అబద్ధమాడనని బోర్డు కట్టుకుని బతికినవాడు ఒక్క అబద్ధం ఆడి, దాన్ని నిలబెట్టడానికి తన కళ్ళను తీసి పక్కన పెట్టేశాడు. దేవుళ్ళకు మొక్కినప్పుడు కూడా నాకు అలాంటి భయం లాంటి భక్తి కలగలేదు.

ఆయన పోయినప్పుడు గోదారి ఒడ్డుకు జనం బాగానే వచ్చారు. ఆమె వచ్చింది, నర్సు బట్టల్లోనే కూతురు వచ్చింది. ఆ ఇద్దరన్నదమ్ములూ వచ్చారు. కట్టెలు పేరుస్తుంటే బావ నా పక్కకు చేరాడు.

"మనిషి మంచోడే గని, కండ్లు ముంచినయ్. నువ్వు పక్కపొంటి ఉన్నవ్ గదమ్మా, నిజంగనే కనవడకపోయేదా? నాకెందుకో ఇప్పటికీ షుబానే."

ఆమె నా దిక్కు చూసింది. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఏం కనవడేదన్నా! నన్ను సుత గొంతు వట్టి గుర్తువట్టేటోడు. చెయ్యి వట్టుకోని రోడ్డు దాటిస్తుంటి" అన్నాను.

అతను "పాపం" అని తల ఊపి కట్టెల దిక్కు వెళ్ళాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. సన్నటి చేతికి వదులుగా వేలాడుతున్న మగవాళ్ళ గడియారాన్ని వెలుగులోకి తిప్పి టైము చూసుకుని, "డ్యూటీ ఉందవ్వా, ఇగ పోదమా" అని వాళ్ళమ్మను అడిగింది.